పొయిందా

పొద్దున ఆరింటికి నర్సు సుగుణక్క
రిజిస్టరు చంకల పెట్టుకొని వస్తది.
పిల్ల సంగతి అడగదు, పాల సంగతి అడగదు.
"ఆరో నంబరు, గ్యాసు పొయిందా?"
పోలేదక్కా అంటే
పెన్ను క్యాపు పండ్లతో గుంజి ఒక గీత గీస్తది.

మా అవ్వ బుచ్చవ్వకు ఆ మాటంటే పడదు.
"పురిటి వార్డుల పొయిందా పొయిందా ఏంది బిడ్డా,
వచ్చిందా అనరాదు?"
అప్పటిసంది హన్మకొండ దవాఖానల మా వరుసంత
వచ్చిందా అనే అడుగుతున్నరు.

నడుము కింది మత్తు దిగింది, కాళ్లు నావే అయినయి.
కడుపు మాత్రం ఇంకా ఎవలదో.
తొమ్మిది నెలలు జరిగి జరిగి చోటిచ్చిన పేగులు
ఇల్లు ఖాళీ అయినంక
ఎటు ఒత్తిగిలాల్నో తెల్వక అట్లనే పండినయి.
డాక్టరమ్మ సల్లటి బిళ్ల ఆనిచ్చి
కండ్లు మూసుకొని ఇంటది.
"చిన్న చప్పుడే. ఇంకా నిద్రల ఉన్నయి. నడువు."

నడుస్త.
ఒక చెయ్యి కుట్ల మీది దిండుకు, ఒక చెయ్యి గోడకు,
వరండా చివరి నీళ్ల ఫిల్టరు దాక.
పక్క మంచం షమీనాది రెండో ఆపరేషను, అన్నీ ఎరుక.
"గాలికి సుత షరముంటది చెల్లె,
గింతమంది అడుగుతె ఎట్లొస్తది?"

ఎనుమాముల మిర్చి యార్డు నుంచి మా ఆయిన ఫోను.
బస్తాల నడుమ తుమ్ముకుంట, గొంతు తగ్గించి,
"అదీ... వచ్చిందా?"
పెండ్లయిన నాలుగేండ్లల్ల
నన్ను ఇంత మర్యాదగ ఏదీ అడగలే.

మూడో రాత్రి.
పాలు తాగుతాంటే ముందుగాల పిల్లకే వచ్చింది,
చిటికెడంత, సిగ్గులేనిది.
నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు గుంజినయి.
నేను ఆపుకున్న,
కడుపు ఆపుకోలే.

లైట్లు బందు చేసిన వార్డుల
ట్రాక్టరు గేరు మార్చినట్టు ఒక పొడుగు చప్పుడు.
కొద్దిసేపు ఎవలూ ఊపిరి తియ్యలే.
మొదలు షమీనా మంచం కదిలింది.
తర్వాత నాలుగో నంబరు, తర్వాత గోడ పొంటి వరుస.
కుట్లున్న పదకొండుమంది
దిండ్లు కడుపుకు ఒత్తుకొని
అమ్మో అమ్మో అనుకుంట నవ్విండ్రు.
అవ్వ చీకట్ల లేచి దండం పెట్టింది,
ఏ దేవునికో చెప్పలే.

తెల్లారి స్టీలు గిన్నెల జావ. చిటికెడు ఉప్పు, అంతే.
వేడి గొంతుల నుంచి దిగుకుంట
ఎక్కడిదాక చేరిందో తెలుస్తనే ఉన్నది.
ఇరవై ఆరేండ్లు తిన్న,
తిన్నది ఎటు పోతదో ఎన్నడు చూసిన?

సుగుణక్క రిజిస్టరు తెరిచింది.
నోరు తెరవకముందే అవ్వ అన్నది:
"పొయింది బిడ్డా, పొయింది. రాసుకో."