కరెంటు లేని రెండు గంటలు

ఎనిమిదింటికి కరెంటు తీసేస్తారని పొద్దున్నే చెప్పారు.
ఊరు ఊరంతా కొవ్వొత్తులు వెతుక్కుంటుంటే
నిక్లాస్ తాత ఒక్కడే కోటు గుండీలు పెట్టుకుంటూ
పెరట్లోకి వెళ్ళి కుక్కను కట్టేశాడు.

దక్షిణాఫ్రికాలో, కరూ మెట్ట మీద, ఆగస్టు చలి.
గొర్రెల ఉన్ని కత్తిరించే పాత బల్ల,
దాని మీద ఇటుకల సందున టెలిస్కోపు.
గొట్టం, కాంక్రీటు స్తంభాలు పోసే అట్టది.
అద్దం మాత్రం తనే అరగదీశాడు,
వంటింటి బల్ల చుట్టూ తిరుగుతూ రెండు చలికాలాలు,
భార్య విసుక్కుంటున్నా.

రెండు నిమిషాలు ఆలస్యంగా
వీధి దీపం పుటుక్కున ఆరింది.
అప్పటిదాకా లేనివన్నీ
ఒక్కసారిగా ఉన్నాయి.

శని పేరెత్తితేనే జడుసుకునే భాష నాది.
ఇక్కడ ఇరుగుపొరుగు దుప్పట్లు కప్పుకొచ్చి
వరసలో నిలబడ్డారు శని కోసం.

ముందు ఎల్రీసా. ఎనిమిదేళ్ళది.
ఇటుకెక్కి కన్ను పెట్టి,
"తాతా, పారిపోతోంది!"
"అది కాదమ్మా, పారిపోయేది మనం"
అని గొట్టాన్ని వేలితో ఒక్క పిసరు జరిపాడు.
వచ్చిన ప్రతి మనిషికీ అలాగే, ఒక్క పిసరు.

తర్వాత మాంసం కొట్టు డాఫ్నీ. ఆమె వెనక అల్లుడు.
అల్లుడు చూసి ఏమీ అనలేదు,
వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాడు.

మీటా అవ్వకి ఒక కంట్లో శుక్లం.
రెండోది ఆనించి వంగిందంటే, ఇక లేవదు.
మోకాళ్ళు వణుకుతున్నాయి, లేవదు.
మేం చలికి కాళ్ళు మార్చుకుంటూ, దగ్గుతూ.

ఆమె తప్పుకున్నాక నేను చూద్దును కదా,
ఏమీ లేదు.
శని ఎప్పుడో జారిపోయింది. గొట్టం నిండా చీకటి.
"ఇంతసేపూ ఏం చూశావవ్వా?"

శాలువా సర్దుకుంది.
"ఉంగరం పెట్టుకున్న చిన్నది కనబడింది. వెళ్ళిపోయింది.
ఆ తర్వాత, దాని వెనకాల ఉన్నది చూశాను.
చాలా ఉంది."

నిక్లాస్ తాత గొట్టం జరపబోయి ఆగాడు.
వంగి, తనూ ఆ ఖాళీలోకే చూశాడు,
నలభై ఏళ్ళుగా తను పక్కకు నెట్టేస్తూ వచ్చినదాన్ని.

పదింటికి దీపాలొచ్చాయి.
ఎవరింట్లోనో రేడియో సగం మాటలోంచి అందుకుంది.
ఊరంతా హమ్మయ్య అంది,
ఒక్క పెరట్లోంచే తిట్లు.

రెండో వంతు రాని అల్లుడు
కిందకి వంగి రాయి తీసుకున్నాడు,
వీధి దీపాన్ని కాసేపు గురి చూశాడు.
"సోమవారం మళ్ళీ పోతుందిలే"
అంది డాఫ్నీ, రాయి చేతిలోంచి తీసేసుకుంటూ.