తుప్పు పట్టించే పని

రౌమా రేవులో నవంబరు.
నాలుగు కాకముందే చీకటి.
నా ఉద్యోగం, ఇనుముకు తుప్పు పట్టించడం.

ఇనుము లేదు. ఓడ లేదు. ఉప్పుగాలి అసలే లేదు.
రెండు త్రిభుజాల మీద ఒక అంకె.
దాన్ని నలిపి, సాగదీసి, సగానికి మడిచి
మళ్ళీ దానిమీదే పరిస్తే
మరక.
మరకకు మరక తోడైతే
ముప్పై ఏళ్ళ వాన.

అంతా పదహారు మిల్లీసెకన్లలో తేలిపోవాలి.
నీడలవాళ్ళూ నీటివాళ్ళూ
నాకన్నా ముందే వచ్చి విస్తళ్ళ ముందు కూర్చున్నారు.
నాకు మిగిలినవి రెండు.

ఆడేవాడు దగ్గరికొస్తే గరుకు తేలాలి,
దూరం జరిగితే మునగాలి.
లేదంటే గోడంతా మినుకుమినుకుమని
కంట్లో ఇసుక కొట్టినట్టుంటుంది.

కింది అంతస్తులో వేయిక్కో హర్యునెన్,
నలభై ఒక్క ఏళ్ళు ఓడల పొట్టలు గీకినవాడు.
బట్టలుతికే గదిలో, యంత్రం ఆగేలోగా
ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను.

చాలాసేపు చూశాడు.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.
బొటనవేలు తెరమీద పెట్టి
గోటితో గీకబోయి, ఆగాడు.
లోలోపల పొంగిపోయాను.

"బాగుంది. కానీ ఇక్కడ నీళ్ళు నిలవవు కదా," అన్నాడు.
"తుప్పు బుద్ధి పుట్టిన చోటల్లా పుట్టదు.
అతుకు దగ్గర మొదలవుతుంది,
మోకు ఒరుసుకున్న చోట,
సోమవారం పొద్దున
ఎవడో నిద్రమొహంతో రంగేసిన చోట.
ఇది మనిషి చెయ్యి పడని ఓడ."

యంత్రం ఆగింది.
దుప్పట్లు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మూడు వరుసలు చేర్చాను.
వంపు ఎక్కడుందో ఒకటి,
నీరు ఎటు జారుతుందో ఒకటి,
మూడోది, అతుకుల వెంట
ఒక చెయ్యి తొందరపడ్డ గుర్తు.
దానికి సరైన పేరు తట్టలేదు.
సోమవారం అని పెట్టాను.

నా వాటా దాటిపోయింది, సున్నా పాయింట్ మూడు.
నీటివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి
చేబదులు తెచ్చుకున్నాను.

రేపు ఎవరో తుపాకీ పట్టుకుని
ఆ ఓడ పక్కనుంచి పరుగెత్తుతారు.
ఆగరు. ఆగితే చచ్చిపోతారు కూడా.

వేయిక్కో మాత్రం మొన్న మెట్ల మీద అడిగాడు,
"మన ఓడ ఎలా ఉంది?"

"చక్కగా పాడవుతోంది."

తలూపాడు.
కుడిచెయ్యి ఒక్కసారి
లేని గీకుడుబద్ద కోసం
జేబులో వెతుక్కుంది.