దుబాసీ

ఇలులిస్సాట్ ఆసుపత్రికి ఏడాదికి రెండుసార్లు
కళ్ళ డాక్టరు విమానం దిగుతాడు.
ఆ వారమంతా నేను రెండు భాషల మధ్య కూర్చుంటాను,
ఇటు ఆయన డేనిష్, అటు మా గ్రీన్‌లాండు మాట.

బొలెట్టెకి డెబ్భై నాలుగు.
సీలు తోలు బూట్లు కుట్టిన వేళ్ళు.
రెండేళ్ళుగా, సూదిలో దారం ఎక్కాలంటే
మనవరాలు బడి నుంచి రావాల్సిందే.

"శుక్లం ఒక్కటే కాదు, నీటికాసులు కూడా," అన్నాడు డాక్టరు.
కాగితం తిప్పి ఒక కన్ను గీశాడు.
లోపలి కటకం ముదిరి లావెక్కింది,
నల్లగుడ్డును ముందుకు నెట్టింది,
మూలనున్న తూము మూసుకుంది.
లోపలి నీరు లోపలే.
ఒత్తిడి ముప్పై నాలుగు.

తూముకి ఏ మాట వెతకను?
ఇక్కడ చెరువుల్లేవు, కాలవల్లేవు.
"సముద్రపాయ మూతిలో మంచుకొండ ఇరుక్కుంది," అన్నాను.
బొలెట్టె తలూపింది. ఆ కొండలు ఆవిడకి కొత్తా.
"కొండను తీసేస్తాడు.
ఆ చోట పలచటి అద్దపు రేకు పెడతాడు.
నీటికి దారి దొరుకుతుంది."

అప్పుడాయన గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు:
చచ్చిన నరం తిరిగి లేవదు,
ఎడమ పక్క పోయిన చూపు పోయినట్టే.

గుటక మింగాను.
"చాలావరకు బాగుంటుందట."
అబద్ధం కాదు.
నిజానికి కాస్త కురచ, అంతే.

కోత ఇరవై నిమిషాలు.
మర్నాడు కట్టు విప్పగానే
"నీ చెంప మీద ఈ మచ్చ ఎప్పుడొచ్చిందే, నివీ?" అంది.
పుట్టుమచ్చ అది.
తర్వాత కిటికీ. మంచు నీలంగా ఉందట.
ఇన్నాళ్ళూ టీ రంగులో చూసిందట.
ఒత్తిడి పదహారు.
మూడు చుక్కమందుల్లో రెండు ఆపేశారు,
మూడోది బతికినన్నాళ్ళూ.

సూది అడిగి తెప్పించుకుంది.
దారం మొదటిసారే ఎక్కింది!
నవ్వుతూ పక్కకి పెట్టబోతే
ఎడమ మోచెయ్యి తగిలి కాఫీ కప్పు దొర్లింది.
దుప్పటి మీద కాఫీ పాకుతోంది.
ఆవిడ కళ్ళు కదల్లేదు,
తల మొత్తం తిప్పింది,
బరువు పడవను మలిపినట్టు, నెమ్మదిగా.

"ఆ పక్క ఇక రాదన్నాడుగా," అంది.

నేను మాట్లాడలేదు.

"ఎనిమిదో ఏట నన్ను డెన్మార్కు బడికి పంపారు.
నాకు డేనిష్‌లో ఏడవడం కూడా వచ్చు.
నువ్వెంత దాస్తావో చూద్దామని ఊరుకున్నా."

ఖాళీ కప్పు నా చేతిలో పెట్టింది.
"ఇంకాస్త పోసుకురా.
ఈసారి కుడివైపు పెట్టు."