ఆగే దూరం

తెల్లవారుజాము నాలుగూ ముప్పావు.
వూచ్ నగరంలో ఇంకా ఏ కుక్కకీ తెల్లారలేదు.
అందుకే మేం బయల్దేరతాం, నేనూ బోర్సుకూ.
లిఫ్టు ఎక్కం. ఆరంతస్తులూ మెట్లే.
ప్రతి మలుపులో ముందు నా తల,
తర్వాత వాడి మూతి.

లిఫ్టు సంగతి చెప్పాలి.
మొన్నటి కాదు, అటు మొన్నటి నవంబరు.
తలుపు తెరుచుకుంది. ఎదురుగా వితోల్డ్ గారి ముహా,
ఈగ అని పేరున్న ముసలి స్పానియల్.
మూరెడు దూరం.
మిగతాది నేను చూడలేదు, విన్నాను.
చెవికి నాలుగు కుట్లు. డబ్బు నేనే కట్టాను.
వితోల్డ్ ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

వీడు నా దగ్గరికి వచ్చేసరికే అయిదేళ్లవాడు.
తమ్ముడు లేషెక్ పోయాక మిగిలిన సామానులో
ఒక సైకిలు, ఒక రేడియో, వీడు.
వీడికెవరేం చేశారో,
వీడెవరికేం చేశాడో
రేడియో చెప్పదు.

మొక్కై వంగనిది మానై వంగుతుందా
అంటుంది కింది అంతస్తు ఇరేనా.
వంచుతానని ఎవరన్నారు?
మాను పక్కనుంచి దారి వేసుకుంటున్నాను.

మొదట్లో అరిచాను. తాడు గుంజాను.
గుంజిన ప్రతిసారీ వాడు నేర్చుకున్నది ఒకటే:
ఎదురుగా కుక్క వస్తే
మెడ నొప్పెడుతుంది.

మొరిగే కుక్క కరవదంటారు.
వీడు మొరగడు, అదీ చిక్కు.
నోరు మూతబడుతుంది. తోక కర్రవుతుంది.
ఊపిరి ఒక్క క్షణం ఎక్కడో దాక్కుంటుంది.
నాకు పని ఆ క్షణానికి ముందే.
దాటిందా, ఇక వాడికి నేను లేను,
తాడు చివర ఒక బరువుంటుంది, అంతే.

ముప్ఫై ఒక్కేళ్లు ట్రాము నడిపాను.
తడిసిన పట్టాల మీద, అక్టోబరు ఆకుల మీద
బ్రేకు నొక్కగానే బండి ఆగదు.
నువ్వు గంట కొడుతూనే ఉంటావు,
ఇనుము తనకు కావలసిన దూరం తను తీసుకుంటుంది.
తిట్టినా తగ్గించదు.
బోర్సుక్‌కీ అలాంటి దూరం ఒకటుందని
తెలుసుకోవడానికి నాకు, నాకే, ఏడాది పట్టింది.

కొలిచాను. అరవై అడుగులు.
అరవైలో కుక్క కనబడితే వాడి నోట్లో సాసేజి ముక్క.
కుక్క పోయిందా, ముక్కలు బంద్.
యాభై తొమ్మిదిలో కనబడితే
వెనక్కి తిరిగి నడక. సిగ్గేం లేదు.
చెత్త డబ్బాల వెనక దాక్కున్నాం,
ఆగి ఉన్న వ్యానుల వెనకా,
ఒకసారి ఎవరి అంత్యక్రియల గుంపులోనో.

మూతికి చిక్కం ఉంటుంది.
లోపల కాలేయం ముద్ద పూసి పూసి
మూడు నెలలకు వాడే మూతి దూర్చేలా చేశాను.
రొట్టెల కొట్టు దగ్గర తల్లులు పిల్లల్ని లాక్కుంటారు.
లాక్కోనీ.
చిక్కం లేని రోజునే వాళ్లు నవ్వి దువ్వబోయారు.

మార్చిలో వితోల్డే తలుపు తట్టాడు.
మోకాళ్లు బాగాలేవు, ఒక్కణ్ణే నడవాలంటే భయం అన్నాడు.
పాత నలభై రెండో నంబరు లైను,
ఇప్పుడు ట్రాములు రావు, పట్టాల మధ్య గడ్డి.
అటు పక్క ఆయనా ముహా,
ఇటు పక్క మేం. మధ్యలో నలభై అడుగులు.
ఎవరం ఎవరి వైపూ నడవలేదు.
ముందుకే నడిచాం.

పట్టాలు రెండూ కలవవు.
కలిస్తే నాకు తెలుసు ఏమవుతుందో.

ఇవాళ ఇరవై ఆరు.
ముహా తుమ్మింది. కుట్లున్న చెవి టపటపలాడింది.
బోర్సుక్ చూశాడు. నోరు మూతబడింది.
ఒకటి, రెండు అని లెక్కపెట్టాను.
మూడు అనకముందే
మెడ తిప్పి నా మొహంలోకి చూశాడు.

సంచిలో చెయ్యి పెడితే ఖాళీ.
జేబులో నా బన్ను ఉంది, గసగసాలది,
పొద్దుటి ఆకలికి దాచుకున్నది.
మొత్తం ఇచ్చేశాను.