ఐదింటి నీళ్లు

సాయంత్రం ఐదింటికి పచ్చ బటన్ నొక్కుతా.
నేల కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టయితది.
ముందుగాల గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత నీళ్లు.
పార్కుకు వచ్చినోళ్లు ఫోన్లు ఎత్తుతరు.
కాలువ పారుతున్నట్టు కనబడాలె, అంతే.
కొసకున్న గుంతల పడ్డ నీళ్లే
పైపులల్ల వెనక్కి మర్లి మళ్లీ మొదటికొస్తయి.

ఈ కాలువ మా తాతకు ఎరుక.
నీరటి బక్కయ్య.
తూము మీద నిలవడి
ఎవరి మడికి ఎన్ని గడియలో వేళ్ల మీద లెక్కవెట్టేటోడు.
రాత్రి నీళ్ల చప్పుడు మారితే చాలు,
ఎండ్రికాయ గట్టుకు బొక్క పెట్టిందని
నిద్రమబ్బులనే పార పట్టుకొని ఉరికేటోడట.
కూలి కింద కల్లంల చేటెడు వడ్లు,
కొసరుకు తిట్లు.

తర్వాత మిల్లొచ్చింది.
ఎప్పుడొచ్చిందో దేశాయిపేటల ఒక్కొక్కలు ఒక్కో లెక్క చెప్తరు.
మిల్లు తాగినన్ని నీళ్లు ఏ మడీ తాగలే.
తూముకు ఇనుప తలుపు పెట్టి తాళమేసిన్రు,
చెవి తీస్కపోయి గేటుకాడి పఠాన్ చేతిల పెట్టిన్రు.
తాత ఆ తలుపును ఒక్కసారి తట్టి చూసి
సక్కగ జాబరు ఇంటికి పోయిండు,
కొడుకును రంగుల ఖాతాల పెట్టుకొమ్మని.
నీళ్లు ఎటు పోతె మనం అటే, అన్నడట.

పొద్దున లేచి కాలువను చూస్తే తెలిసేది
ఇయ్యాల ఏ తాను ఉడుకుతున్నదో.
ఎర్రగ వస్తే పెండ్లిళ్ల కాలం దగ్గరవడ్డట్టు,
ఖాకీ అయితే ఏడనో పోలీసోళ్లు పెరిగినట్టు.
ఒకనాడు జాఫర్ మాస్టర్ బాతులు
మెడల దాకా ఆకుపచ్చగయి ఇంటికొచ్చినయి.
ఆయన కలిపిన రంగే,
ఎవరిని తిడుతడు?

మా నాయిన చేతులు మోచేతుల దాకా నీలం.
సబ్బుకు పోలే, కుంకుడుకాయకు పోలే.
ఓటెయ్యబోతే, సిరా చుక్క ఏ వేలికి పెట్టాల్నో తెల్వక
ఆ సారు కాసేపు పుల్ల పట్టుకొని కూసున్నడట.

మిల్లు బందైన నాడు బోంగ మోగలే.
దాని కూతకే గంజి వంచే మా అమ్మ
ఆ పొద్దు అన్నం మాడగొట్టింది.

పందొమ్మిదేండ్లు సర్కారు తుమ్మ.
మగ్గాలు తూకానికి పోయినయి.
నీళ్లు తేటవడ్డయి, చేపలు గూడ వచ్చినయన్నరు.
నాయిన మమ్ముల తిననియ్యలే.

ఇప్పుడు చిమ్నీని సగానికి కోసి లైట్లు చుట్టిన్రు.
బాయిలరుకు పసుపు రంగేసి
ఎక్కరాదని బోర్డు పెట్టిన్రు,
పిల్లలు ఎప్పుడు చూసినా దాని మీదనే.
నేను గడ్డి పీకుత, పాదులు తీస్త.
గడ్డపారకు అప్పుడప్పుడు బాబిన్లు తగులుతయి,
కొంగుల ఏస్కుంట, ఎందుకో.

తూర్పు మూలకు కానుగలు బతుకుత లేవు.
మూడుమాట్ల పెట్టినం.
నువ్వు నీళ్లు సరిగ్గ పోస్తలేవంటడు ప్రణీత్ సారు.
అది రంగుతొట్ల మోరీ వచ్చి పడే జాగ.
జానెడు తవ్వితే మన్ను నీలంగ,
నాయిన చెయ్యి లెక్క.
ఆయన పోయి పదకొండేండ్లు.
మట్టి మళ్లీ కప్పుత, మెల్లగ.
సారుకు చెప్ప.
చెప్తె ఆ మూలకు టైల్స్ పరుస్తరు.

మొన్న హాజరు ఫోన్లకెక్కించుకుంట అడిగిండు,
"నీరటి స్వరూప... నీరటి అంటే ఏంది?"
ఐదు కావస్తున్నది.
"ఇంటిపేరు సార్" అన్న,
మోటరు షెడ్డు దిక్కు నడుసుకుంట.

నిన్న నీళ్ల చప్పుడు ఏదో తేడా కొట్టింది.
బెంచీల మీదోళ్లు ఎవ్వలూ తలెత్తలే.
చెప్పులిడిచి గట్టెంబడి పోయి చూసిన:
సిమెంటు పగుల్ల ఎండ్రికాయ,
రెండు కండ్లు బయటపెట్టి.
గిసొంటివి పుస్తకంల రాయాలె, తారీఖుతోని.
ఇంక రాయలే.