నూట పన్నెండో నెంబరు

"పాత సిన్మల చానెల్ ఎవలు సూస్తలేరు పెద్దమ్మా,
ఈ నెల నుంచి తీసేస్తున్న" అన్నడు
కేబుల్ మాసన్న, రశీదు చింపుకుంట.

మక్తల్‌ల నీ కనెక్షన్లన్ని నాకెర్క లేదు బిడ్డా.
నా సంగతి చెప్త.

నలుపు తెలుపు సిన్మ ఒకటుంది.
కథ యాదికి లేదు.
నడుమల ఎక్కడనో హీరోయిను
సాగర్ కట్ట మీద గొడుగు వట్టుకొని నడుస్తది.
ఆమెను సూడకు.
ఆమె భుజం ఎనక
నెత్తిమీద రాళ్లగంప, ఎడమకాలు జర ఈడ్సుకుంట
ఒకడు పోతడు.
మా నాయిన. కుర్మయ్య.

ఫోటో లేదు ఆయినది.
ఆధార్లు గీధార్లు రాకముందే పోయిండు.
మేస్త్రి హాజరు బుక్కుల అడ్డం గీత ఒకటి,
గంతే.

మూడు సెకన్లు.
మొదటిసారి సూసిననాడు పొయ్యిమీద పప్పు మాడింది.
మల్ల నాలుగేండ్లకు ఇంకోపారి వేసిండ్రు,
పట్టపగలు, చెప్పకుండ.
అందుకే రోజు పెట్టుకొని కూసుంట.
వేరే సిన్మల్ల గూడ ఎనకున్నోళ్లనే సూస్త:
బండి తోలెటోడు, చాయ్ గిలాసలు కడిగెటోడు,
బజార్ల నిలవడి కెమెరా దిక్కు సూసిన పోరడు.
వాళ్లోళ్లు గూడ ఏ ఊర్లనో
నా లెక్కనే కూసొనుంటరు గద.

కొత్త సిన్మల ఎనక ఎవలుంటరు?
కంప్యూటర్ల గీసిన కొండలేనాయె.

"ఫోన్ల దొరుకుతది, సిన్మ పేరు చెప్పు" అంటవు.
పేరే తెలిస్తే నిన్నెందుకు బతిమాలుత?
రెండుపార్లు పేర్లు వడేటప్పుడు
నేను నల్లకాడ ఉన్న.

ఇరవై రూపాలు ఎక్కువ తీస్కో.
ఆ నెంబరు మాత్రం ముట్టకు.