పెన్సిల్ ధర

ఐదువందల తూటాల పెట్టెని ఇక్కడ ఇటుక అంటారు.
వెల్డా హౌగెన్ నేలమాళిగలో
అలాంటి ఇటుకలు నలభై ఒకటి,
టొమాటో సీసాల వెనక, గోడకి లోపల ఇంకో గోడలా.

ఆర్విడ్ పోయి నాలుగు నెలలు.
"ధర కట్టు" అంది నాతో,
"కొట్టువాడివి, నీకు తెలుస్తుంది. ఎవరికీ అన్యాయం జరక్కూడదు."
మెట్టు మీద కాస్త ఆగి,
"నాకు కూడా."

సరే, లెక్క.
రెండేళ్ళ కిందట నా కొట్లో ఇటుక ఇరవై డాలర్లు,
తూటా నాలుగు సెంట్లు.
ఇప్పుడు ఆ అరలో గుర్రపు లాడాల మేకులు సర్దాను,
ఖాళీ కనపడకుండా.
లారీ వచ్చే మంగళవారం, మోంటానా చలిలో,
తెల్లారకుండానే నా తలుపు ముందు
ట్రక్కుల్లో హీటర్లు వేసుకుని కూర్చుంటారు,
దిగేది మూడు పెట్టెలేనని తెలిసీ.
మొన్న తుపాకుల సంతలో ఒకడు ఇటుక డెబ్బై అన్నాడు.
తిట్టినవాళ్ళే కొన్నారు.
నేనూ తిట్టాను.
ఒకటి కొన్నాను.

డెల్మార్ స్టోక్ అల్ఫాల్ఫా చేనంతా
గోఫర్లు జల్లెడ చేశాయి, కోడెదూడ కాలు విరిగింది.
పిల్లల గురి క్లబ్బులో పదకొండుమంది;
మారెన్ అనే పిల్ల వారానికి ఐదే తూటాలు కాల్చి
మిగతా గంటంతా ఉత్తి తుపాకీతో
ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటోంది.
ఇంకొకడున్నాడు, పేరెందుకులే,
పొద్దున నా దగ్గర కొన్నది సాయంత్రం సంతలో పెడతాడు.
ముగ్గురికీ ఒకటే ధరా?

అన్నిటికంటే పాతది ఒకటి విప్పి
పెరట్లో గడ్డిమోపు మీదికి యాభై కాల్చి చూశాం.
మూడు పేలలేదు.
తీసి, అంచు కొంచెం తిప్పి మళ్ళీ పెడితే
రెండు పేలాయి. వీటి మందు అంచులోనే ఉంటుంది,
ఒకచోట పలచబడ్డా ఇంకోచోట దొరుకుతుంది.
యాభైకి ఒకటి తాలు, రాసుకున్నాను.
గోధుమల్లో అంతకంటే ఎక్కువే చూశాం.

మళ్ళీ కిందికి దిగి లాంతరు దగ్గరగా పెడితే
ప్రతి ఇటుక మూలా ఆర్విడ్ పెన్సిల్ రాత.
తొంభై నాలుగు, మార్చి. పది డాలర్లకి సెంటు తక్కువ. దోపిడీ.
రెండువేల రెండు. పన్నెండు. పట్టపగలు దోపిడీ.
రెండువేల తొమ్మిది. ఇరవై ఐదు. కొట్టువాడికి సిగ్గులేదు.

ఆ కొట్టువాణ్ణి నేనే.
వెల్డా మెట్ల మీద కూలబడి నవ్వింది,
నవ్వి నవ్వి చేతిరుమాలు కోసం వెతుక్కుంది.
అంత తిట్టినవాడు
నలభై ఒక్కసార్లు జేబు విప్పాడు కదా.

"ఎనిమిది సెంట్లు" అన్నాను.
పాత ధరకి రెట్టింపు, సంత ధరలో సగానికి కాస్త పైన.
"ఆర్విడ్ ఏమనేవాడు?"
"దోపిడీ అనేవాడు."
"కొనేవాడా?"
"రెండు కొనేవాడు."
"అయితే రాయి."

మనిషికి రెండు. పిల్లల క్లబ్బుకి ఐదు సెంట్లే,
ఆ మాట ఆవిడదే.
పేరు చెప్పనివాడూ వచ్చాడు, అదే ఎనిమిదికి.
"సరుకు చూసుకో నాయనా" అంటూ
రెండు పెట్టెల సీళ్ళూ చింపి చేతికిచ్చింది.
విప్పిన పెట్టెకి సంతలో సగమే పలుకుతుంది.
వాడు ఏమీ అనలేకపోయాడు.

తాలుకి కొసరు, ఇటుకకి పది చొప్పున,
విప్పిన దాంట్లోంచి నాలుగొందలు పంచాం.
మిగిలిన యాభై నా కోటు జేబులో పోసి
"నీ కూలి" అంది.

రాత్రి ఇంటికొచ్చి
సంతలో డెబ్బైకి కొన్న నా ఇటుక బయటికి తీశాను.
మూల మీద పెన్సిల్‌తో తేదీ వేశాను.
ధర వేశాను.
మూడో మాట దగ్గర చెయ్యి ఆగింది,
ఎవర్ని తిట్టాలో తేలక.